ఒక్క నొక్కుపై హక్కు ఎవరిది?

మన ఊరి కొట్టులో ఖాతా గల గృహస్థుడు సరకు తెప్పించుకొనుటకు ఎన్ని మాటలు పలుకవలయును? "ఒక నూనె డబ్బా ఇంటికి పంపండి" అన్న చాలును. ఆయన పేరేమి, ఏ వీధిలో నుండును, బాకీ ఎప్పుడు తీర్చును అను సంగతులన్నియు కొట్టు యజమానికి మునుపే తెలియును. చిట్టాలో ఒక పద్దు పడును. కుఱ్ఱవాడు డబ్బా నెత్తి కెత్తుకొనును. ఈ పద్ధతిని ఫలానా వారు కనిపెట్టినారనియు, వారి యనుమతి లేక మఱి యే కొట్టువాడును ఒక్క మాటతో సరకు పంపరాదనియు ఎవరైనను చెప్పినచో మనము నవ్వుదుము. కాని కొట్టునకు బదులు కంప్యూటరును, మాటకు బదులు నొక్కును పెట్టి, ఇంచుమించు ఇట్టి హక్కునే 1999లో అమెరికా పేటెంటు కార్యాలయము ఒక వ్యాపార సంస్థకు వ్రాసి యిచ్చినది. ఆ హక్కు పదునెనిమిదేండ్లు నిలిచినది. దానిపై దావాలు నడచినవి, గొప్ప న్యాయమూర్తులు తర్కించిరి, నాలుగు దిక్కుల దేశములు నాలుగు విధములుగ తీర్పు చెప్పినవి. మనము మొదట నవ్విన నవ్వు న్యాయమైనదా కాదా అను ప్రశ్నకు మాత్రము తుదివఱకు ఏ న్యాయస్థానమును సూటిగ బదులు చెప్పలేదు. ఆ కథను, దానికి తోబుట్టువులైన మఱి రెండు కథలను ఇక్కడ వివరింపదలచినాము.

ఇప్పుడు మన పాఠకులలో పలువురు చేతిఫోనులోనే చీరలు, పుస్తకములు, పప్పుదినుసులు కొనుచున్నారు. ఆ కొనుగోలులోని మెట్లు వారికి తెలియనివి కావు. నచ్చిన వస్తువును ఎంచి 'కార్టు' అను బండిలో వేయవలెను. తరువాత బండిని తెఱచి లెక్క చూచుకొని, పేరు, చిరునామా, చెల్లింపు వివరములు పూరించి, అన్నియు సరియేనని ఒప్పుకొనవలెను. అంతర్జాల వ్యాపారము పసితనమున నున్న 1990 దశాబ్దములో ఈ బండి పద్ధతియే ఎల్లెడల నుండెను. అందు వర్తకునకు ఒక చిక్కు కలదు. ఒక్కొక్క మెట్టు దగ్గఱ కొనువాడు ఒక్కొక్క నిమిషము ఆలోచించును. ఆలోచించినవాడు బండిని నడివీధిలో విడిచి పోవచ్చును. ఆ మెట్లను తీసివేసి, వస్తువు బొమ్మ పక్కనే ఒక మీట నుంచి, దానిని ఒక్కసారి నొక్కినంతనే కొనుగోలు ముగియునట్లు చేసినచో బేరము చెడదు. 1997లో అమెజాన్ సంస్థ ఈ యేర్పాటును తన దుకాణమున ప్రవేశపెట్టి 'వన్ క్లిక్' అని పేరు పెట్టినది.

దాని పని తీరు చిత్రమైనదేమియు కాదు. కొనువాడు మొదటిసారి వచ్చినప్పుడు పేరు, చిరునామా, కార్డు వివరములు ఇచ్చును. అవి దుకాణము వారి సర్వరు కంప్యూటరులో భద్రపడును. సర్వరు తన వంతుగా కొనువాని కంప్యూటరునకు ఒక గుర్తును పంపును. అంతర్జాలమునకు సహజముగ జ్ఞాపకశక్తి లేదు. ఒక పుట అడిగినవాడే మరుక్షణమున మఱియొక పుట అడుగుచున్నాడని అది ఎఱుగదు. ఈ లోపమును తీర్చుటకు 1994లో నెట్‌స్కేప్ సంస్థలోని లూ మొంటుల్లీ 'కుకీ' అను చిన్న గుర్తును కల్పించెను. అది పుట్టినదే సరకుల బండి కొఱకు. కొనువాడు మఱియొకసారి వచ్చి మీట నొక్కినప్పుడు, వస్తువు సంఖ్యయు ఈ గుర్తును కలిసి సర్వరునకు చేరును. సర్వరు తన చిట్టా చూచుకొని చిరునామాను, కార్డును తానే జత చేసికొనును. మన కొట్టు యజమాని మనసులో జరుగునది అక్కడ యంత్రములో జరుగును.

అమెజాన్ వారు దీనికై 1997 సెప్టెంబరు 12వ తేదీన పేటెంటు దరఖాస్తు వేసిరి. 1999 సెప్టెంబరు 28న 59,60,411 సంఖ్యతో పేటెంటు లభించినది. కల్పన చేసినవారుగ నలుగురి పేర్లు అందుండెను. వారిలో ఒకరు సంస్థాధిపతి జెఫ్ బెజోస్. ఇచ్చట పేటెంటు అనగా నేమో రెండు మాటలలో చెప్పుట మంచిది. పేటెంటు ఒక పని చేయుటకు ఇచ్చు అనుమతి కాదు. ఇతరులను ఆ పని చేయకుండ అడ్డగించు హక్కు. దాని యెల్లలు పత్రము చివర సంఖ్యలు వేసి వ్రాయు హక్కు వాక్యములలో నుండును. పొలమునకు దస్తావేజులో నాలుగు హద్దులు వ్రాసినట్లే ఆ వాక్యములు పనిచేయును. ఈ పేటెంటులో అట్టి వాక్యములు 26 కలవు. వాని సారమంతయు ఒక్కటే: వస్తువు వివరము కనబఱచిన తరువాత, కొనువాడు ఒక్క చర్య మాత్రమే చేసి, బండి యను మెట్టు లేకుండ ఆర్డరు పంపుట.

ఒక వస్తువును చేర్చినందుకు కాక, ఒక మెట్టును తొలగించినందుకు దొరకిన హక్కు ఇది. తగ్గించుట కూడ కల్పనయే కావచ్చును. ఆవిరి యంత్రములో ఒక కవాటము తగ్గించినవానికి పేటెంటు ఇచ్చుటకు మేము అడ్డుచెప్పము. అయినను యంత్రమున ఒక కవాటమును తీసిన పిదప అది నడచునా లేదా అను సంశయముండును. దానిని తీర్చువాడు కష్టపడవలెను. ఇక్కడ తీసివేసినది కొనువానిని అడుగు ప్రశ్నలను మాత్రమే. తీసివేయుట కష్టమా, తీసివేయవచ్చునని తోచుట కష్టమా? అమెజాన్ పక్షము వారు రెండవదే యనిరి. ఇంత తేలికయైనచో అంతకు ముందే అందఱు ఎందులకు చేయలేదని వారి ప్రశ్న. అది తోసివేయదగిన ప్రశ్న కాదు. తెలిసిన తరువాత తేలికగ తోచునది తెలియక ముందును తేలికయే అని చెప్పుట పేటెంటు చట్టము నెఱిగినవారు చేయు పని కాదు.

అట్టి పేటెంట్లకు అమెరికాలో తలుపు తెఱచినది 1998 జూలైలో స్టేట్ స్ట్రీట్ బ్యాంకు వ్యాజ్యమున వెలువడిన తీర్పు. పేటెంటు అప్పీళ్ళను విచారించు ఫెడరల్ సర్క్యూట్ అను ఉన్నత న్యాయస్థానము, ఉపయోగకరమును ప్రత్యక్షమును అగు ఫలితము కలిగినచో వ్యాపార పద్ధతి యైనంత మాత్రమున పేటెంటు నిరాకరింపరాదని అందు చెప్పినది. అంతర్జాల వర్తకులు గుంపులుగ పేటెంటు కార్యాలయమునకు కదలిరి.

అమెజాన్‌కు పేటెంటు వచ్చిన ఇరువది మూడవ దినముననే, 1999 అక్టోబరు 21న, ఆ సంస్థ సియాటిల్ నగరములోని జిల్లా న్యాయస్థానమున దావా వేసినది. ప్రతివాది బార్న్స్ అండ్ నోబుల్ వారి అంతర్జాల శాఖ. వారు అమెరికా యంతటను పెద్ద పుస్తకశాలలు గల పాత వర్తకులు. 1998 మే నెల నుండి వారి వెబ్‌సైటులో 'ఎక్స్‌ప్రెస్ లేన్' అను ఒక్క నొక్కు ఏర్పాటు నడచుచుండెను. విచారణ ముగియువఱకు దానిని ఆపవలెనని అమెజాన్ కోరినది. మన కోర్టులలో వాది మొట్టమొదట అడుగునది ఇంజంక్షను కదా, అదియే ఇది. డిసెంబరు 1వ తేదీన న్యాయమూర్తి మార్షా పెక్‌మన్ తాత్కాలిక నిషేధపు ఉత్తరువు ఇచ్చిరి.

తేదీని గమనింపుడు. డిసెంబరు మాసము అమెరికాలో క్రిస్మసు కానుకల కాలము. మన వర్తకులకు దసరా, సంక్రాంతి, పెండ్లి ముహూర్తములు కలిసి వచ్చినట్టిది. బార్న్స్ అండ్ నోబుల్ వారు చేయునది లేక తమ మీటకు తోడుగ మఱియొక నొక్కు చేర్చిరి. "కొనుట నిశ్చయమేనా?" అని యొకసారి అడిగి, కొనువాడు అవునని నొక్కిన పిదపనే ఆర్డరు స్వీకరించిరి. ఒక నొక్కు నిషిద్ధము, రెండు నొక్కులు సమ్మతము! లక్షల మంది కొనుగోలుదారులు చేసిన ఆ రెండవ నొక్కు, యే సాంకేతిక కారణము వలనను కాదు, ఒక న్యాయస్థానపు కాగితము వలన పుట్టినది.

అప్పీలు మీద తీర్పు వచ్చునప్పటికి 2001 ఫిబ్రవరి 14 అయినది. ఈలోగా రెండు క్రిస్మసులు గడచిపోయినవి. ఫెడరల్ సర్క్యూట్ న్యాయమూర్తులు రెండు సంగతులు చెప్పిరి. మొదటిది అమెజాన్‌కు అనుకూలము: పేటెంటు చెల్లునదే యైనచో బార్న్స్ అండ్ నోబుల్ వారు దానిని ఉల్లంఘించినట్లే కనబడుచున్నది. రెండవది ప్రతికూలము: ఆ పేటెంటు అసలు చెల్లునా అను విషయమున గట్టి సందేహము కలదు, అట్టి సందేహముండగా తాత్కాలిక నిషేధము నిలువదు. కావున ఉత్తరువును రద్దు చేసిరి.

సందేహమునకు ఆధారముగ చూపిన పాత దృష్టాంతములలో రెండింటిని చెప్పుదుము. అంతర్జాలము ప్రజలలోనికి రాకమునుపే అమెరికాలో కంప్యూసర్వ్ అను సంస్థ టెలిఫోను తీగల మీదుగ చందాదారులకు సమాచారము అందించుచుండెను. అందులో 'ట్రెండ్' అను సేవ షేర్ల ధరల పటములను చూపెడిది. చందాదారుడు ఒక్క చర్యతో పటము కోరినచో, పటము తెరపైకి వచ్చును, 50 సెంట్లు ఆయన ఖాతాలో పడును. పేరడుగుట లేదు, చిరునామా యడుగుట లేదు. రెండవది 1996 నాటి ఒక పుస్తకము. అంతర్జాలమున దుకాణము పెట్టదలచిన వారికై వ్రాసిన ఆ గ్రంథములో, వెంటనే కొనుటకు ఒక మీట పెట్టవచ్చునను సూచన కలదు. పటము వస్తువు కాదనియు, సూచన యంత్రము కాదనియు అమెజాన్ పక్షమున వాదింపవచ్చును. ఆ వాదము తేలవలసినది పూర్తి విచారణలో. కాని పూర్తి విచారణ జరుగనే లేదు. 2002 మార్చిలో ఇరు పక్షములును రాజీ పడినవి. షరతులు ప్రకటింపలేదు.

మా అభిప్రాయమున ఈ వ్యవహారమంతటిలో తెలిసికొనదగిన ముఖ్య విషయ మిదియే. ఇట్టి దావాలలో పోరాటము తుది తీర్పు కొఱకు జరుగదు. వ్యాపారమునకు సంవత్సరములో కొన్ని వారములే ప్రాణము. న్యాయస్థానమునకు సంవత్సరములే కొలత. తుది తీర్పు వచ్చునాటికి ఎవరికి కావలసినది వారికి దక్కిపోయి యుండును, లేదా పోయి యుండును. కావున నడిమి కాలమున ఎదిరి చేతిని ఎవరు కట్టివేయగలరు అనునదే అసలు పందెము. చేతులు కట్టబడినవాడు, కట్టబడుదునేమో యని భయపడినవాడు, రాజీకి వచ్చును. రాజీ కుదిరినప్పుడు పేటెంటు మంచిదా చెడ్డదా అను ప్రశ్న మూటకట్టి అటకమీద పెట్టబడును. ఆ మూటను మఱియొకని మీదికి దింపుటకు వీలుండును.

ఈలోగా ప్రజలలో అలజడి పుట్టినది. ఉచిత సాఫ్ట్‌వేరు ఉద్యమ నాయకుడు రిచర్డ్ స్టాల్‌మన్ అమెజాన్‌ను బహిష్కరింపుడని 1999 చివరలో పిలుపు ఇచ్చెను. 2002 వఱకు దానిని ఉపసంహరింపలేదు. పుస్తక ప్రకాశకుడు టిమ్ ఓరైలీ బహిరంగ లేఖ వ్రాసెను. దానికి బదులుగ 2000 మార్చిలో బెజోస్ తానును ఒక బహిరంగ లేఖ వ్రాసెను. అందలి మాట ఆశ్చర్యకరమైనది. సాఫ్ట్‌వేరు పేటెంట్లకును వ్యాపార పద్ధతుల పేటెంట్లకును అప్పుడున్న గడువు మిక్కిలి యెక్కువ, మూడు నుండి అయిదేండ్లు చాలును అని ఆయన సూచించెను. తన పేటెంటును మాత్రము ఒంటరిగ విడిచిపెట్టనని చెప్పెను. పోటీదారుల చేతిలో కత్తి యున్నంతవఱకు తన కత్తిని తాను పాఱవేయజాలననుట లోకసహజము. ఆ సంవత్సరమే ఆపిల్ సంస్థ అమెజాన్‌కు రుసుము చెల్లించి, తన దుకాణములో ఒక్క నొక్కు వాడుకొనుటకు అనుమతి పొందినది. తరువాత దాని పాటల దుకాణములోను అదే మీట కనబడినది. పేటెంటు కార్యాలయము కూడ మేల్కొని, వ్యాపార పద్ధతుల దరఖాస్తులను రెండవ పరీక్షకుని చేతను చూపింతుమని ఆ మార్చిలోనే ప్రకటించినది.

గొప్ప సంస్థలు రాజీపడి విడిచిన ప్రశ్నను మఱల లేవనెత్తినవాడు న్యూజిలాండులోని పీటర్ కాల్వెలీ యను నటుడు. ఆయనకు అమెజాన్‌తో వ్యాపారపు పోటీ యేమియు లేదు. పేటెంట్ల మీది ఆసక్తికి, తెప్పించుకొన్న పుస్తకము ఆలస్యముగ వచ్చెనన్న చిరాకు తోడైనదట. అమెరికా చట్టము ప్రకారము ఎవరైనను రుసుము కట్టి, పాత ఆధారములు చూపి, పేటెంటును పునఃపరీక్ష చేయుమని కోరవచ్చును. రుసుము 2,520 డాలర్లు. తన వ్రాతలు చదువువారి నుండి చందాలు పోగుచేసి 2006లో ఆయన ఆ కోరిక పెట్టెను. 2007 అక్టోబరులో పరీక్షకుడు అనేక హక్కు వాక్యములను త్రోసివేసెను. అమెజాన్ వారు అత్యంత విశాలమైన వాక్యములకు కొత్త హద్దులు వ్రాసి, వానిని బండి పద్ధతి గల వ్యాపారమునకు పరిమితము చేసిరి. ఆ సవరణతో 2010లో పేటెంటు మఱల స్థిరపడినది. గృహస్థుడొకడు తన గోడకు పక్కవాడు ఆనించిన పందిరి తీయించలేకపోయినను, రెండు జానలు వెనుకకు జరిపించినట్లయినది.

ఇతర దేశముల సంగతి త్వరగ చెప్పి ముగింతుము. ఐరోపా పేటెంటు కార్యాలయము ఒక్క నొక్కునకు పేటెంటు నిరాకరించినది. 2011లో అక్కడి అప్పీళ్ళ మండలి దానినే స్థిరపఱచినది. కెనడాలో కమిషనరు కాదనెను, న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను, 2011 నవంబరులో అప్పీలు న్యాయస్థానము మఱల చూడుమని పంపెను, ఆ పిమ్మట పేటెంటు మంజూరయ్యెను. అమెరికా పేటెంటు గడువు 2017 సెప్టెంబరులో తీరిపోయినది. ఇప్పుడు ఆ మీట ఎవరు పెట్టుకొన్నను అడుగువారు లేరు.

ఇక రెండవ కథ బండి కథ. ఒక్క నొక్కు చేత పట్టుకొని పోటీదారుని అడ్డగించిన అమెజాన్, బండి విషయమున తానే దెబ్బ తినవలసి వచ్చినది. 1994లో అమెరికాలో ఓపెన్ మార్కెట్ అను కంపెనీ అంతర్జాలమున అమ్మకములకు సాఫ్ట్‌వేరు తయారుచేసి, సరకుల బండికి సంబంధించిన పేటెంట్లు సంపాదించినది. కాలక్రమమున కంపెనీ పోయినది, పేటెంట్లు మిగిలినవి. అవి చేతులు మాఱి సోవరెయిన్ సాఫ్ట్‌వేర్ అను సంస్థకు చేరినవి. ఆ సంస్థ 2004లో అమెజాన్ పైన దావా వేసినది. 2005లో అమెజాన్ 4 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడెను. అంతటి కంపెనీ చెల్లించినదన్న మాట మిగిలిన వర్తకులకు ఎంతటి బెదరింపు!

బెదరనివాడొకడు దొరకెను. కంప్యూటరు విడిభాగములు అమ్ము న్యూఎగ్ అను అంతర్జాల దుకాణము మీద 2007లో సోవరెయిన్ దావా వేసినది. న్యూఎగ్ న్యాయాధికారి లీ చెంగ్, నిలువని పేటెంటునకు రాజీసొమ్ము ఇయ్యరాదను పట్టుగలవాడు. టెక్సాసు న్యాయస్థానమున 2010లో జూరీ న్యూఎగ్‌కు వ్యతిరేకముగ, సుమారు 25 లక్షల డాలర్లకు తీర్పు చెప్పినది. న్యూఎగ్ అప్పీలు చేసినది. 2013 జనవరి 22న ఫెడరల్ సర్క్యూట్ ఆ బండి హక్కులు చెల్లవని తీర్పు ఇచ్చినది. ఆధారమేమనగా, మఱల మన కంప్యూసర్వే! 1984లోనే కంప్యూసర్వ్ మాల్ అను తెరమీది అంగడి నడచుచుండెను. అందు కొనువాడు వస్తువు నచ్చినప్పుడు 'ఓ' అను అక్షరము కొట్టినచో అది ఆయన సొంత జాబితాలో నిలిచియుండును. కొనుటలు ముగిసిన పిదప 'చెక్ అవుట్' అని కొట్టినచో ఆర్డరు పోవును. పేరు బండి కాకపోయినను పని బండిపనియే. తెలిసిన పద్ధతిని టెలిఫోను తీగ మీద నుండి అంతర్జాలము మీదికి ఎక్కించుట ఆ విద్య నెఱిగినవానికి తోచదగినదే యని న్యాయమూర్తులు నిర్ణయించిరి. 2014 జనవరిలో సుప్రీం కోర్టు ఆ తీర్పులో జోక్యము చేసికొనుటకు నిరాకరించినది.

న్యూఎగ్ గెలిచినది. కాని అంతకు ముందు రాజీసొమ్ము చెల్లించినవారికి అది తిరిగి రాలేదు. ఒక్కడు దావా ఖర్చు భరించి పేటెంటును పడగొట్టినచో దాని ఫలము పోటీదారులందఱికిని దక్కును. ఖర్చు మాత్రము ఆ యొక్కనిదే. ఈ లెక్క తెలిసిన వర్తకుడు చేతులు కట్టుకొని రాజీసొమ్ము లెక్కపెట్టుట వింత కాదు. చిన్న దుకాణము పెట్టుకొన్నవానికి ఆ సొమ్మే కొఱవడును. అతడు మీటను తీసివేయును, లేదా దుకాణమునే మూసివేయును. అట్టివారి పేర్లు తీర్పు గ్రంథములలో కనబడవు.

నిషేధపు ఉత్తరువు మీద మనము చెప్పుకొన్న మాటకు సంబంధించినది మూడవ కథ. వేలములకు పేరుగన్న ఈబే వెబ్‌సైటులో, వేలము పాట లేకుండ నిర్ణీతమైన ధరకు వెంటనే కొనుటకు 'బై ఇట్ నౌ' అను మీట కలదు. అది తన పేటెంటును ఉల్లంఘించుచున్నదని థామస్ వుల్‌స్టన్ అను ఇంజనీరు స్థాపించిన మెర్క్ ఎక్స్‌చేంజ్ సంస్థ దావా వేసినది. వర్జీనియాలో 2003లో జూరీ 3 కోట్ల 50 లక్షల డాలర్ల పరిహారము నిర్ణయించినది. పిదప అది కొంత తగ్గినది. జిల్లా న్యాయమూర్తి పరిహారము చాలును, శాశ్వత నిషేధము ఇయ్యననెను. ఫెడరల్ సర్క్యూట్ ఇయ్యవలసినదే యనెను, ఏలననగా పేటెంటు గెలిచినవానికి నిషేధము దానంతట లభించుట అప్పటి యాచారము. 2006 మే 15న సుప్రీం కోర్టు ఏకగ్రీవముగ ఆ యాచారమును త్రోసిపుచ్చినది. పూడ్చరాని నష్టము కలదా, సొమ్ముతో అది తీరదా, ఇరు పక్షముల కష్టములలో ఏది యెక్కువ, ప్రజల మేలునకు భంగమా అను నాలుగు ప్రశ్నలకు వాది బదులు చెప్పవలెను; అప్పుడే నిషేధము. తుదకు 2008లో ఈబే ఆ పేటెంట్లను తానే కొని తగవు ముగించినది. 1999 డిసెంబరులో బార్న్స్ అండ్ నోబుల్ అనుభవించినది తాత్కాలిక నిషేధము, ఇది శాశ్వత నిషేధపు వ్యాజ్యము. అయినను 2006 తరువాత వాదుల చేతిలోని ఆ కత్తికి మునుపటి పదును లేదు.

2014 జూన్ 19న ఆలిస్ కార్పొరేషన్ వ్యాజ్యమున అమెరికా సుప్రీం కోర్టు మఱియొక మెట్టు ముందుకు పోయినది. పూర్వమే తెలిసిన వ్యాపారపు ఊహను తెచ్చి, దానిని మామూలు కంప్యూటరు మీద నడిపింతు నన్నంత మాత్రమున అది పేటెంటునకు అర్హము కాదు అనునది దాని సారాంశము. ఆ తీర్పు నాటి నుండి ఇట్టి పేటెంట్లు అనేకము న్యాయస్థానములలో రాలిపోవుచున్నవి. మనము మొదట చెప్పుకొన్న ఖాతా పద్దు పోలిక న్యాయశాస్త్రపు భాషలోనికి చేరుటకు ఇంతకాలము పట్టినది. అప్పటికి ఒక్క నొక్కు పేటెంటు గడువు ఇంక మూడేండ్లే యుండెను.

ఈ తగవులు సియాటిల్‌లో, టెక్సాసులో జరిగినను మనకు దూరపు ముచ్చట్లు కావు. 2019లో హైదరాబాదులో అమెజాన్ తెఱచిన కార్యాలయ భవనము సుమారు 15,000 మంది కూర్చుండుటకు కట్టినది. ఇట్టి మీటల వెనుకనున్న ప్రోగ్రాములను వ్రాయువారిలో మన యిండ్ల పిల్లలు తక్కువ మంది కారు. కావున మన చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొనుట అవసరము. స్వతంత్ర భారతమునకు తగిన పేటెంటు చట్టము ఎట్లుండవలెనో పరిశీలించి జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో నివేదిక సమర్పించిరి. దాని పునాది మీద 1970 నాటి పేటెంట్ల చట్టము వచ్చినది. 2002లో చేసిన సవరణ, 2003 మే నుండి అమలులోనికి వచ్చి, ఆ చట్టపు 3వ సెక్షనులో ఒక ఖండము చేర్చినది. గణిత పద్ధతి గాని, వ్యాపార పద్ధతి గాని, ఉత్త కంప్యూటరు ప్రోగ్రాము గాని, ఆల్గారిథము గాని పేటెంటునకు తగిన కల్పన కాదు అని ఆ ఖండము చెప్పును. 2004 చివర తెచ్చిన ఆర్డినెన్సు ఈ తలుపును కొంత తెఱవబోయినది. 2005 నాటి చట్టములో పార్లమెంటు ఆ మార్పును విడిచిపెట్టినది.

'ఉత్త' అని మేము తెనిగించిన ఆ చిన్న మాట మీదనే మన దేశమున వాదములన్నియు నడచుచున్నవి. ప్రోగ్రాము ఉత్త ప్రోగ్రామే యైనచో పేటెంటు లేదు. యంత్రము పనిలో సాంకేతికమైన మేలు కలిగించునదైనచో మార్గము మూసికొనిపోలేదని 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఫెరీద్ అల్లానీ వ్యాజ్యమున వివరించినది. వ్యాపార పద్ధతి పక్కన మాత్రము అట్టి చిన్న మాట యేదియు లేదు. ఒక్క నొక్కు సాంకేతిక కౌశలమా, వ్యాపారపు తీరా అని అడిగినచో మేము రెండవదే యందుము.

మఱియొక సంగతి. ఆ మీటను దాని అసలు రూపమున మన యిండ్లలో వాడుకొన్నవారే తక్కువ. 2009 ఆగస్టు 1వ తేదీ నుండి, అంతర్జాలమున కార్డుతో చెల్లించునప్పుడు కార్డుమీది అంకెలు చాలవు, రెండవ ధ్రువీకరణ కావలెనని రిజర్వు బ్యాంకు నియమించినది. ఓటీపీ అను అంకెలు ఫోనుకు వచ్చువఱకు మనము ఆగుచున్నాము. అమెరికాలో న్యాయస్థానపు కాగితము చేర్చిన రెండవ మెట్టును మన దేశమున దొంగల భయము చేర్చినది. చిన్న మొత్తములకు కొన్ని సడలింపులు తరువాత వచ్చినవి.

మన చట్టములో కాల్వెలీ వంటివారికి ఉపయోగపడు సదుపాయ మొకటి కలదు. పేటెంటు దరఖాస్తు సాధారణముగ పదునెనిమిది మాసములకు ప్రకటితమగును. అది మొదలు పేటెంటు మంజూరగు లోపల 25వ సెక్షను ప్రకారము ఎవరైనను, పోటీదారుడు కానక్కఱ లేదు, లిఖితపూర్వకముగ అభ్యంతరము తెలుపవచ్చును. ఇది పూర్వమే వాడుకలో నున్నది, ఇది విద్య నెఱిగినవానికి తోచదగినదే, ఇది 3వ సెక్షను క్రింద కల్పనయే కాదు అనునవి అందు చెప్పదగిన కారణములలో ముఖ్యమైనవి. పేటెంటు కార్యాలయము వారి పత్రిక ప్రతి శుక్రవారము వెలువడును. అంతర్జాలమున ఉచితముగ చదువుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారి దరఖాస్తులు చెన్నై కార్యాలయమునకు చేరును.